ఇద్దరు గైడ్లు, ఒకే ఎలుక: న్యూరోఇమ్యునాలజీలో ఒక పీహెచ్‌డీ నడిచిన తీరు

జ్వరం తగ్గి ఒళ్లు తేరుకున్నాక కూడా కొందరికి బుర్ర మొద్దుబారినట్టు ఎందుకు ఉంటుంది? కోవిడ్ తర్వాత ఈ ప్రశ్న ఇంటింటా వినిపించింది గానీ, పరిశోధనలో అది అంతకుముందు నుంచే ఉంది. సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్‌కి ఒళ్లంతా అదుపు తప్పి స్పందించే ప్రాణాంతక స్థితి) నుంచి బయటపడ్డవాళ్లలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత చాలాకాలం దెబ్బతిని ఉండడం ఐసీయూ డాక్టర్లకు తెలిసిన సంగతే. మా స్కాలర్ పీహెచ్‌డీకి తీసుకున్నది ఇందులో ఒక చిన్న ముక్క. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (జ్వరం, వాపు తెచ్చే రోగనిరోధక స్పందన) చల్లారాక, జ్ఞాపకానికి కీలకమైన మెదడు భాగం హిప్పోక్యాంపస్‌లోని మైక్రోగ్లియా, అంటే మెదడులో ఉండే ఇమ్యూన్ కణాలు, మళ్లీ మామూలు స్థితికి వస్తాయా? రాకపోతే దానికీ జ్ఞాపకానికీ సంబంధం ఉందా?

నేను ఇమ్యునాలజిస్టుని, అంటే రోగనిరోధక (ఇమ్యూన్) వ్యవస్థ మీద పనిచేసేదాన్ని. కో-గైడ్ ఎలుకల ప్రవర్తన మీద పనిచేసే న్యూరోసైంటిస్టు. ల్యాబ్‌లు రెండూ హైదరాబాద్‌లోనే, కాకపోతే ఒకటి నగరానికి పడమటి చివర, ఇంకోటి తూర్పు చివర. స్కాలర్ ఆంధ్ర వైపు ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేసి, సీఎస్‌ఐఆర్ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కొట్టి వచ్చింది. ఆమె పేరూ, సంస్థల పేర్లూ ఇక్కడ రాయడం లేదు. గుర్తుపట్టేందుకు వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

రెండు శాస్త్రాల మధ్య పీహెచ్‌డీ అంటే రెండు సిలబస్‌లు చదివించడం అనుకుంటారు చాలామంది. సిలబస్‌తో పెద్ద ఇబ్బంది లేదు, తెలివైన పిల్లలు ఆరు నెలల్లో పట్టుకుంటారు. ఏది రుజువు, ఏది కాదు అన్న దగ్గర మాత్రం రెండు ల్యాబ్‌లకూ పొత్తు కుదరదు. ఒక ల్యాబ్ "తేలిపోయింది, రాసేద్దాం" అన్న డేటాని ఇంకో ల్యాబ్ "కంట్రోల్ (పోలిక కోసం పెట్టే గ్రూపు) ఏదీ?" అని పక్కన పెడుతుంది. ఈ కేసులో చెప్పుకోదగ్గదంతా ఆ తేడా దగ్గరే జరిగింది.

మొదటి ఏడాది

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు. పీహెచ్‌డీ మొత్తానికి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రూల్సులో ఆరేళ్లున్నా సీఎస్‌ఐఆర్ ఫెలోషిప్ ఐదేళ్లకే ఆగిపోతుంది: రెండేళ్లు జేఆర్‌ఎఫ్, మదింపు దాటితే ఆ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్). 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్‌కి నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్‌కి 42,000, పైన హెచ్‌ఆర్‌ఏ. అందులోంచే ఇంటికి పంపే పిల్లలకు ఈ ఐదేళ్ల లెక్కే అసలు లెక్క. రెండు ల్యాబ్‌ల పని నేర్చుకునే స్కాలర్‌కి మిగతావాళ్ల కంటే ఎక్కువ కాలం పడుతుంది. ఆ అదనపు కాలం ఎక్కడినుంచి తేవాలో గైడ్లు చేర్చుకునే ముందే ఆలోచించాలి. అమెరికాలో చాలా ప్రోగ్రాముల్లో మొదటి ఏడాది రెండు మూడు ల్యాబ్‌లు తిరిగి చూశాకే విద్యార్థి ఒకచోట స్థిరపడతాడు. మన దగ్గర కొన్ని సంస్థల్లోనే రొటేషన్ ఉంది. మా దగ్గర లేదు.

అందుకని కోర్స్‌వర్క్‌లో ఆమెకు తెలిసిన ఇమ్యునాలజీ పేపర్ వదిలేసి, స్టాటిస్టిక్స్, న్యూరోఅనాటమీ తీసుకోమన్నాం. ఎలుకల్ని పట్టుకోవడం మాత్రం మొదటి వారం నుంచే మొదలైంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఇమ్యునాలజీ ల్యాబ్‌లలో ఎలుకని తోక పట్టుకుని ఎత్తడం మామూలు. ఇంజెక్షన్ ఇవ్వాలి, రక్తం తీయాలి, పని త్వరగా అవ్వాలి, అంతే. తోక పట్టుకుని ఎత్తిన ఎలుకల్లో ఆందోళన పెరుగుతుందనీ, గొట్టంలోకి రానిచ్చో, దోసిట్లోకి తీసుకునో ఎత్తితే అది తగ్గుతుందనీ 2010లో నేచర్ మెథడ్స్‌లో ఒక పేపర్ వచ్చింది. 2014లో అదే పత్రికలో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ బృందం ఇంకా విచిత్రమైన సంగతి చూపించింది. గదిలో మగవాళ్లు ఉంటే చాలు, వాళ్లు తొడిగిన టీషర్టు పెట్టినా చాలు, ఎలుకలకు స్ట్రెస్ పెరిగి నొప్పి తగ్గినట్టు ప్రవర్తిస్తాయి. ఈ పేపర్లు చదివి ఆమె మా ల్యాబ్‌కి వచ్చి, "మేడమ్, మన దగ్గర ఇంజెక్షన్లు ఎవరు ఇచ్చారో ఎక్కడైనా రాస్తామా?" అని అడిగింది. రాయం. అప్పటినుంచి యానిమల్ రిజిస్టర్‌లో ఒక కాలమ్ పెరిగింది.

చదువు విషయంలో మేం చేసిన పని ఒకటే. ప్రతి ముఖ్యమైన పేపర్‌నీ ఆమె రెండు ల్యాబ్‌ల మీటింగుల్లోనూ చెప్పాలి. అదే పేపర్, అవే స్లైడ్లు. మా దగ్గర ప్రశ్నలు ఇలా వచ్చేవి: చచ్చిన కణాల్ని తీసేశారా, రెండు కణాలు అతుక్కుని ఒకటిగా లెక్కలోకి రాలేదు కదా, ఏ కణాలు లెక్కలోకి వస్తాయో చెప్పే గేట్ గీత ఏ కంట్రోల్ చూసి గీశారు, యాంటీబాడీ నిజంగా దానికే అతుక్కుందా. అక్కడ ప్రశ్నలు వేరు: స్కోర్ చేసినవాళ్లకు ఏది ఏ గ్రూపో తెలుసా, టెస్టు పొద్దున చేశారా సాయంత్రమా, ఒకే కేజ్‌లోవన్నీ ఒకే గ్రూపులో పెట్టారా, ఎన్ (లెక్కలోకి వచ్చే శాంపిళ్ల సంఖ్య) అంటే ఎలుకలా, కణాలా. ఆమె ఒక పుస్తకంలో పేజీ మధ్యన గీత గీసి ఎడమవైపు మా ప్రశ్నలు, కుడివైపు వాళ్ల ప్రశ్నలు రాసుకుంది. చాలా పేపర్లకు ఎడమ నిండితే కుడి ఖాళీ, కుడి నిండితే ఎడమ ఖాళీ. ఏ పేపర్ ఏ రకం ల్యాబ్ నుంచి వచ్చిందో అడ్రస్ చూడకుండా చెప్పేసేది.

ఈ చదువులో నేను పట్టుబట్టి చదివించిన పాతది ఒకటుంది: పీటర్ మెడవార్ 1948లో కుందేళ్ల మీద చేసిన పని. మెదడులో అంటించిన పరాయి చర్మాన్ని శరీరం తిప్పికొట్టకుండా ఊరుకుందన్నది అందరూ చెప్పే మాట. దాన్ని పట్టుకుని దశాబ్దాలపాటు "మెదడు ఇమ్యూన్ వ్యవస్థకు అందని చోటు" అని పాఠాలు చెప్పారు. మూల పేపర్ చదివితే రెండో సగం కూడా కనిపిస్తుంది. ఆ కుందేలుకి ముందే ఒంటిమీద ఇంకోచోట అదే పరాయి చర్మం అంటించి ఉంటే, మెదడులో పెట్టిన ముక్కని కూడా తిప్పికొట్టింది. అంటే మెదడు తనంతట తాను గొడవ మొదలుపెట్టలేదేమో గానీ, బయట మొదలైన గొడవ మాత్రం లోపలికి వస్తుంది. స్కాలర్ ప్రశ్న మొత్తం ఈ రెండో సగంలోనే ఉంది. రివ్యూ వ్యాసాలు చదివి ఊరుకుంటే ఇది దొరకదు.

ఇంకోటి 2015 నాటి మెనింజియల్ లింఫాటిక్ నాళాల (మెదడు చుట్టూ ఉన్న పొరల్లోని లింఫ్ గొట్టాల) సంగతి. వర్జీనియా యూనివర్సిటీలో జొనాథన్ కిప్నిస్ ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌గా ఉన్న ఆంట్వాన్ లూవో, మెదడు పొరల్ని పుర్రె చిప్పకి అతుక్కునే ఉండగా ముందు ఫిక్స్ చేసి (రసాయనంతో ఉన్నదున్నట్టు గట్టిపరచి), ఆ తర్వాతే ఒలిచి తీశాడు. అలా చెక్కుచెదరకుండా వచ్చిన పొరలో ఇమ్యూన్ కణాలు నాళాల్లో బారుగా ఉండడం కనిపించింది. అదే ఏడాది ఫిన్లాండ్‌లో కారి అలిటాలో బృందం కూడా అదే చెప్పింది. ఒలిచే పద్ధతి మారితే శరీరంలో కొత్త భాగమే బయటపడింది. ఇది చదివాక ఆమె మా ప్రోటోకాల్స్‌లోని ప్రతి మెట్టునీ "ఇది ఎందుకు?" అని అడగడం మొదలుపెట్టింది. ల్యాబ్‌లో సీనియర్లకు కొంచెం విసుగొచ్చింది కూడా.

జబ్బా, మతిమరుపా

రెండో ఏడాది మొదటి పెద్ద డేటా వచ్చింది. కొన్ని రకాల బ్యాక్టీరియా పైపొరలో ఉండే ఎల్‌పీఎస్‌ని ఎలుక పొట్టలోకి ఇంజెక్ట్ చేస్తే బతికున్న బ్యాక్టీరియా అవసరం లేకుండానే ఇన్‌ఫ్లమేషన్ లేస్తుంది. ఆ తర్వాత కొత్త వస్తువుని గుర్తుపట్టే టెస్టు. ఎలుకకి మొదట రెండు ఒకేలాంటి వస్తువులు చూపిస్తారు, కాసేపటికి అందులో ఒకటి మారుస్తారు. పాతది గుర్తుంటే ఎలుక కొత్తదాని దగ్గర ఎక్కువసేపు గడుపుతుంది. ఎల్‌పీఎస్ ఇచ్చిన మర్నాడు చేసిన టెస్టులో, ఇచ్చిన ఎలుకలు రెండింటి దగ్గరా ఇంచుమించు ఒకేలా గడిపాయి. సెలైన్ ఇచ్చినవి కొత్తదాని వైపే వెళ్లాయి. గ్రాఫ్ ముచ్చటగా ఉంది. ప్రవర్తన ల్యాబ్‌లో అందరికీ నచ్చింది.

మా మీటింగ్‌లో మొదటి ప్రశ్న: "బరువు ఎంత తగ్గాయి?"

ఎల్‌పీఎస్ తగిలిన ఎలుక తినదు, ముడుచుకుని మూల కూర్చుంటుంది, సాటి ఎలుకల్ని పట్టించుకోదు. దీనికి సిక్‌నెస్ బిహేవియర్ అని పేరుంది. ఇది శరీరం కావాలని చేసే పనే, శక్తిని జ్వరానికి దాచుకోవడం. యువ ఎలుకల్లో ఒక రోజుకల్లా కదలిక చాలావరకు తిరిగొస్తుంది గానీ బరువు అప్పటికి కోలుకోదు. ఆమె పాత వీడియోలు మళ్లీ తీసి, ఒక్కో ఎలుక మొత్తం ఎన్ని సెకన్లు వస్తువుల్ని వాసన చూసిందో లెక్కగట్టింది. ఎల్‌పీఎస్ గుంపులో చాలా ఎలుకలు అసలు రెండిట్లో దేన్నీ సరిగ్గా చూడలేదు. చూడని ఎలుక మర్చిపోయిందని ఎలా చెప్తాం?

టెస్టులో కనీసం ఇంతసేపైనా చూడని ఎలుకని లెక్కలోంచి తీసేయడం ప్రవర్తన ల్యాబ్‌కి తెలిసిన పద్ధతే. కానీ అలా తీస్తే ఎక్కువ జబ్బుపడ్డవే ఎగిరిపోతాయి, తక్కువ జబ్బుపడ్డవి మిగులుతాయి. అది ఇమ్యునాలజిస్టుకి ఒప్పుకోలేని ఏరివేత. మరి ఇద్దరూ ఒప్పుకునేదేమిటి? దీనిమీద వాదన వారాలపాటు నడిచింది. చివరికి దారి చూపింది స్కాలరే. టెస్టుని జబ్బు రోజుల్లోంచి బయటికి జరపాలి. బరువు, కదలిక రెండూ సెలైన్ ఎలుకల స్థాయికి వచ్చాకే టెస్టు. కోలుకున్నాక కూడా కనిపించేదే ఆమె అసలు ప్రశ్న కాబట్టి, థీసిస్ అంతా ఆ కొత్త తేదీల మీదికి మారింది. తీసేసే నియమాన్ని వీడియోలు తెరవకముందే రాసి, ఇద్దరు గైడ్ల సంతకాలతో ఫైల్‌లో పెట్టింది.

తేదీ జరిపాక తేడా చాలా చిన్నదైపోయింది. ఆమెకు టెన్షన్ పట్టుకుంది. పెద్ద ఎఫెక్ట్ చేతిలో ఉండగా వదులుకుని చిన్నదాని వెంట పడుతున్నామేమో అని. ఆ మాట నిజమే. కానీ ఆ పెద్దది జ్ఞాపకానికి సంబంధించింది కాదు.

పూలింగ్ గొడవ

ఒక ఎలుక హిప్పోక్యాంపస్ అంటే చాలా చిన్న ముక్క. అందులోంచి మైక్రోగ్లియా తీసి ఫ్లో సైటోమెట్రీకి (కణాల్ని ఒక్కొక్కటిగా లేజర్ ముందునుంచి పంపి కొలిచే పద్ధతికి) పంపితే, మయలిన్ (నరాల మీది కొవ్వు పొర) చెత్త వదిలించుకునే పర్కాల్ ద్రావణం స్టెప్ దాటేసరికి మిగిలే కణాలు తక్కువ. ఇమ్యునాలజీ ల్యాబ్‌కి దీనికో పాత అలవాటు ఉంది: మూడు ఎలుకల టిష్యూ కలిపేయడం. కణాలు చాలినన్ని వస్తాయి, ప్లాట్లు నిండుగా కనిపిస్తాయి.

ప్రవర్తన చూసేవాళ్లకు ఇది అర్థం కాని పని. వాళ్లకు ఒక్కో ఎలుకా ఒక మనిషి లెక్క. ఎనిమిదో నంబర్ ఎలుక పాత వస్తువుని మర్చిపోయింది, తొమ్మిదోది మర్చిపోలేదు. వాటి మైక్రోగ్లియాలో తేడా ఉందా అన్నదే కదా ప్రశ్న. రెండింటినీ ఒకే ట్యూబ్‌లో కలిపాక ఇక అడగడానికి ఏం మిగిలింది? పైగా మూడు కలిపితే ఎన్ మూడు కాదు, ఒకటి.

ఇక్కడ రెండు ల్యాబ్‌లూ కొంచెం కొంచెం వదులుకోవాల్సి వచ్చింది. ఎలుకకి గుండె ద్వారా చల్లటి సెలైన్ ఎక్కించి రక్తం కడిగేశాక, మెదడుని నిలువునా రెండుగా కోస్తాం. ఒక సగంలోని హిప్పోక్యాంపస్ ఫ్లోకి. ఇంకో సగాన్ని అలాగే ఫిక్సేటివ్‌లో వేసి, తర్వాత సెక్షన్లు కోసి మైక్రోస్కోప్ కింద చూడడానికి. కలపడం లేదు. సగం టిష్యూయే కాబట్టి కణాలు ఇంకా తగ్గుతాయి, అందుకని యాంటీబాడీ ప్యానెల్‌ని కుదించాం. నేను చూడాలనుకున్న మార్కర్లు (కణం రకాన్ని, స్థితిని చెప్పే ప్రోటీన్లు) కొన్ని పోయాయి. ఫిక్సేటివ్‌ని కూడా గుండె ద్వారా ఎక్కిస్తే వచ్చే అందమైన సెక్షన్లని కో-గైడ్ వదులుకున్నారు. ఫిక్సేటివ్‌లో ఊరికే నానబెట్టిన సగం అంత శుభ్రంగా రాదు.

ఏ సగం ఎటు వెళ్లాలో ఎలుక ఎలుకకీ మార్చాలని గుర్తుచేసింది మళ్లీ ఆమే. ఎప్పుడూ ఎడమ సగమే ఫ్లోకి వెళ్తే, ఎడమ కుడి తేడా వచ్చి పద్ధతుల తేడాలో కలిసిపోతుంది.

ఈ ఏర్పాటుకి ఒక లాభం ఉంది, మేం ముందు ఊహించనిది. ఫ్లోలో మైక్రోగ్లియాని సీడీ11బీ అనే మార్కర్ ఉండి, సీడీ45 అనే ఇంకో మార్కర్ మధ్యస్థంగా ఉన్న కణాలుగా పట్టుకుంటాం. బయటినుంచి వచ్చిన మాక్రోఫేజ్‌లలో (మెదడు బయట ఉండే, మైక్రోగ్లియాకి దగ్గరి ఇమ్యూన్ కణాల్లో) సీడీ45 ఎక్కువ. ఇన్‌ఫ్లమేషన్‌లో మైక్రోగ్లియా కూడా సీడీ45 పెంచుకుంటాయి, ఆ గీత చెరిగిపోతుంది. సెక్షన్లలో వాడే ఐబా-1 అయితే అసలు రెండు రకాల్నీ ఒకేలా రంగు పట్టిస్తుంది. పీ2ఆర్‌వై12 మైక్రోగ్లియాకే ప్రత్యేకం అంటారు, అది కూడా యాక్టివేట్ అయినప్పుడు తగ్గుతుంది. ఒక్కో మార్కర్‌కీ ఒక్కో చిల్లు. ఒకే ఎలుక నుంచి రెండు రకాల సాక్ష్యం ఉన్నప్పుడు ఒకదాని చిల్లు ఇంకోదానితో కొంత పూడుతుంది.

ఏమీ చేయని ఎలుకలు

మూడో ఏడాదిలో ఆమె డేటాలో ఒకటి కుదురుగా లేదు. సెలైన్ ఇచ్చిన కంట్రోల్ ఎలుకల మైక్రోగ్లియాలో కూడా యాక్టివేషన్ జీన్లు పైకి లేచి ఉన్నాయి. ఫిక్స్ చేసిన రెండో సగంలో అవే ఎలుకల మైక్రోగ్లియా సన్నటి కొమ్మలతో, ప్రశాంతంగా కనిపిస్తున్నాయి. ఏ సగాన్ని నమ్మాలి?

అనుమానాలు రెండు. మొదటిది మా వైపుది. మెదడు ముక్కని కణాలుగా విడగొట్టడానికి 37 డిగ్రీల దగ్గర ఎంజైమ్‌లో ఉంచుతాం. ఆ వేడిలో, ఆ అరగంటలోనే మైక్రోగ్లియా కొత్త జీన్లు ఆన్ చేసుకోగలవు. 2022లో నేచర్ న్యూరోసైన్స్‌లో వచ్చిన పని దీన్ని వివరంగా చూపించి, ట్రాన్స్‌క్రిప్షన్‌ని (జీన్లు ఆన్ అయి పనిలోకి దిగడాన్ని) ఆపే మందులు కలిపి చేయాలని చెప్పింది. రెండోది వాళ్ల వైపుది. ప్రవర్తన టెస్టు అంటే ఎలుకకి కొత్త గది, కొత్త వెలుతురు, కొత్త చేతులు. కార్టికోస్టెరోన్ పెరుగుతుంది. స్ట్రెస్ హార్మోన్‌కి ఇమ్యూన్ కణాలు స్పందిస్తాయన్నది మా పాఠ్యపుస్తకంలోని మొదటి పాఠాల్లో ఒకటి. సెలైన్ ఎలుక "ఏమీ చేయని" ఎలుక కాదు. దానికి సూది పడింది, పరీక్షా పెట్టారు.

కాబట్టి నిజంగా ఏమీ చేయని ఒక గ్రూపు కావాలి: కేజ్ దాటని, సూది ఎరగని, టెస్టు ఎరగని ఎలుకలు. ప్రవర్తన ల్యాబ్‌లో ఇలాంటి గ్రూపు మామూలే, ఇమ్యునాలజీలో ఇంత పట్టింపుగా పెట్టడం అరుదు. విడగొట్టే పనినీ మంచు మీద, ఎంజైమ్ లేకుండా చేసి పోల్చాలి. కొత్త గ్రూపంటే కొత్త ఎలుకలు. ఎలుకలు పెరిగితే సంస్థలోని యానిమల్ ఎథిక్స్ కమిటీకి సవరణ పెట్టాలి. ఎందుకు ఇన్ని, ఇంతకంటే తక్కువతో కాదా, ఇప్పటికే ఉన్న డేటాతో సరిపెట్టుకోలేరా అని అడుగుతారు. అడగాలి కూడా. కమిటీ కూర్చునే తేదీ కోసం ఎదురుచూపు, ఆ తర్వాత యానిమల్ హౌస్‌లో బ్రీడింగ్ కోసం ఇంకో ఎదురుచూపు. ఫెలోషిప్ గడియారం ఆగదు.

ఫలితం: రెండు అనుమానాలూ కొంతకొంత నిజం. మంచు మీద చేసిన తయారీలో యాక్టివేషన్ బాగా తగ్గింది. మిగిలిన దాంట్లో కొంత టెస్టు పెట్టిన ఎలుకలకే పరిమితం. ఎల్‌పీఎస్ వల్ల అని నిలబడి చెప్పగలిగింది ఆ రెండూ తీసేశాక మిగిలిన చిన్న భాగం. థీసిస్‌లో ఈ అధ్యాయమే బలమైనదని ఇద్దరు ఎగ్జామినర్లూ రాశారు.

కొరియర్ ఉద్యోగం

సైన్స్ గురించి ఇంత రాశాను గానీ, ఈ పీహెచ్‌డీ ఆగిపోయే ప్రమాదం వచ్చింది సైన్స్ వల్ల కాదు.

రెండు ల్యాబ్‌ల మధ్య స్కాలర్ కొరియర్ అయిపోతుంది. నేను చెప్పింది అక్కడికి, అక్కడ చెప్పింది ఇక్కడికి. నేను "ఇంకో కంట్రోల్ పెట్టు" అంటాను, అక్కడ "ఇప్పటికే ఎక్కువ ఎలుకలు" అంటారు. గురువుల మాట కాదనడం మన పిల్లలకు అలవాటు లేని పని. అందుకని ఇద్దరికీ "సరే మేడమ్", "సరే సార్" అని చెప్పి, రాత్రి హాస్టల్లో కూర్చుని రెండూ ఎలా చేయాలో తెలియక కుమిలిపోతుంది. మా ల్యాబ్‌లో ఆమెని "బ్రెయిన్ అమ్మాయి" అనేవాళ్లు, అక్కడ "ఫ్లో అమ్మాయి". సరదాకే అన్నా, రెండు చోట్లా ఆమె పరాయిదే అన్నది అందులో ఉంది.

యూజీసీ నిబంధనల ప్రకారం స్కాలర్ ప్రతి సెమిస్టర్‌లో రీసెర్చ్ అడ్వయిజరీ కమిటీ ముందు పని చూపించాలి. చాలాచోట్ల ఇది టీ, సమోసాల వ్యవహారం. మా కమిటీలో ఒక స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ ఉన్నారు, మాటలు తక్కువ. ఒక మీటింగ్‌లో ఆమె స్లైడ్లన్నీ విని, "ఈ ఎక్స్‌పెరిమెంట్ డిజైన్ ఎవరిదమ్మా?" అని అడిగారు. ఆమె మా ఇద్దరి వైపూ చూసింది. "నేను నిన్ను అడిగాను" అన్నారాయన.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. రెండు వారాలకొకసారి ముగ్గురం ఒకే టేబుల్ దగ్గర, ఒకసారి అటు, ఒకసారి ఇటు. ఇద్దరు గైడ్లలో ఎవరూ రెండోవాళ్లు లేకుండా ప్లాన్ మార్చకూడదు. మీటింగ్‌కి ముందురోజు ఆమె ఒక పేజీ పంపాలి: ఈసారి ప్రశ్న ఏమిటి, ఏ ఫలితం వస్తే నా ఊహ తప్పని ఒప్పుకుంటాను, ఎడమ కాలమ్ కంట్రోల్ ఏది, కుడి కాలమ్ కంట్రోల్ ఏది, రెండింటికీ ఎలుకలు చాలకపోతే దేన్ని వదులుతాను, ఎందుకు. ఆ చివరి ప్రశ్నకి జవాబు ఆమే రాయాలి, మేం కాదు. మొదట్లో ఆ గడి ఖాళీగా వచ్చేది. ఖాళీగా వస్తే మీటింగ్ ఉండదు. రచయితల వరస కూడా అప్పుడే మాట్లాడి రాసిపెట్టుకున్నాం. ఇది చివరికి వదిలేసిన జంట ల్యాబ్‌లు ఎన్ని చెడిపోయాయో ఈ రంగంలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఇలా మాట్లాడుకోవడానికి మాకు నమూనాగా పనికొచ్చింది 2016 నాటి సీ4 పేపర్. స్కిజోఫ్రీనియాకి కాంప్లిమెంట్ (ఇమ్యూన్ వ్యవస్థలోని ఒక ప్రోటీన్ల గుంపు) జీన్ సీ4తో ఉన్న లంకెని దాదాపు 65 వేలమంది జన్యు సమాచారంతో చూపించిన పని అది. మొదటి రచయిత అశ్విన్ శేఖర్ అప్పటికి హార్వర్డ్‌లో ఎండీ-పీహెచ్‌డీ విద్యార్థి, స్టీవ్ మెక్‌కారల్ జెనెటిక్స్ ల్యాబ్‌లో. సీ4 లేని ఎలుకలు ఇమ్యునాలజిస్టు మైకేల్ క్యారల్ వైపునుంచి, సినాప్స్‌ల (నరాల కణాల మధ్య జోడుల) కత్తిరింపు చూసే నైపుణ్యం బెత్ స్టీవెన్స్ వైపునుంచి. ఒక్కరు మూడూ చేయలేరు. కానీ ఆ మూడూ ఒకే వాక్యంలో ఎక్కడ కలుస్తాయో పట్టుకునేవాళ్లు ఒకరు ఉండాలి. స్కాలర్‌కి నేను చెప్పింది, ఆ ఒకరివి నువ్వు అని. బోస్టన్‌లో ఆ ల్యాబ్‌లన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి, మనవీ ఒకే ఊళ్లో ఉన్నాయి అని కూడా అన్నాను. ట్రాఫిక్ సంగతి వేరు అంది.

వద్దు అని చెప్పిన రోజు

నాలుగో ఏడాది చివర్లో పేపర్ పంపిస్తే ఒక రివ్యూవర్ మైక్రోగ్లియాని తీసేసి చూపించమన్నారు. పీఎల్‌ఎక్స్5622 అనే మందుని తిండిలో కలిపి పెడితే మైక్రోగ్లియా బతకడానికి కావలసిన సీఎస్‌ఎఫ్1 రిసెప్టర్ ఆగిపోయి మైక్రోగ్లియా చాలావరకు చచ్చిపోతాయి. జ్ఞాపకం బాగుపడితే దోషి మైక్రోగ్లియానే అన్నమాట. ఇలా అడగడం ఈ రంగంలో ఇప్పుడు రివాజు. కమిటీలోనూ ఒకరిద్దరు చేసేయమన్నారు. నిజం చెప్పాలంటే నాకూ అటే మొగ్గు. పేపర్ బయటికి వచ్చేస్తుంది కదా.

ఆమె బోర్డు దగ్గరికి వెళ్లి, ఆ మందు మెదడు బయటి మాక్రోఫేజ్‌లనీ దెబ్బతీస్తుందని ప్రచురితమైన డేటా చూపించింది. తన ఎక్స్‌పెరిమెంట్‌లో ఇన్‌ఫ్లమేషన్ మొదలయ్యేదే పొట్టలో, ఆ మాక్రోఫేజ్‌ల దగ్గర. మందు తిన్న ఎలుకలో ఎల్‌పీఎస్‌కి స్పందనే మారిపోతే, జ్ఞాపకం బాగుపడినా అది మెదడు వల్లో, పొట్ట వల్లో ఎలా చెప్తాం? "దానికి ఎలుకలు ఖర్చవుతాయి, జవాబు రాదు" అంది. దాని బదులు పేపర్‌లో "కారణం" అన్న మాట ఎక్కడెక్కడ ఉందో తీసేసి, "తోడుగా కనిపించింది" అన్నంతవరకే రాద్దామంది.

ఈ వాదన చేయడానికి కుడి కాలమ్ ఒక్కటే తెలిస్తే చాలదు, ఎడమ కాలమ్ ఒక్కటే తెలిసినా చాలదు. ఆ పత్రిక పేపర్‌ని తిప్పిపంపింది. ఇంకో పత్రికలో, కొంచెం చిన్నదాన్లో, సవరించిన భాషతో వచ్చింది. యూజీసీ 2022 నిబంధనల్లో థీసిస్‌కి ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతు తీసేశారు, దానివల్ల ఆమె డిఫెన్స్ ఆలస్యం కాలేదు.

ఆ తర్వాత

ఎగ్జామినర్ల ఎంపికలో ఒక ఇమ్యునాలజిస్టు, ఒక న్యూరోసైంటిస్టు ఉండేలా చూశాం. వైవాలో ఇద్దరూ తమ వైపు అధ్యాయాల్ని వదిలేసి రెండో వైపు మీదే ఎక్కువ అడిగారు. ఎందుకో తెలియదు, ఆమె మాత్రం ఎంజాయ్ చేసింది.

ఉద్యోగాల సంగతి అంత బాగా లేదు. మన యూనివర్సిటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రకటన సబ్జెక్ట్ పేరుతో వస్తుంది: జువాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ. ఆమె ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, థీసిస్ టైటిల్‌లో హిప్పోక్యాంపస్. స్క్రూటినీలో కూర్చున్న గుమస్తాకి ఇది ఏ గడిలో పడుతుందో అర్థం కాదు. ప్రస్తుతం విదేశంలో పోస్ట్‌డాక్ చేస్తోంది. ఇలాంటి స్కాలర్లను తీసుకునే గైడ్లకు ఒక మాట: ఎమ్మెస్సీ సబ్జెక్ట్‌లోనే ఒక చిన్న పేపరైనా ఆ ఐదేళ్లలో వచ్చేలా చూడండి. సైన్స్ కోసం కాదు, ఆ గడి కోసం.

మా జంట ల్యాబ్‌ల రెండో స్కాలర్ ఈ ఏడాది చేరాడు. ఎమ్మెస్సీ సైకాలజీ, ప్రవర్తన టెస్టులు ముందే తెలుసు. పిపెట్ పట్టుకోవడం ఇప్పుడు నేర్చుకుంటున్నాడు. పాత స్కాలర్ రెండు కాలమ్‌ల పుస్తకాన్ని ఫొటోకాపీ తీసి ఇద్దామనుకున్నాను. ఆమెని అడిగితే వద్దంది, తన ప్రశ్నలు తనే రాసుకోనివ్వండి, కావాలంటే ఆరు నెలల తర్వాత పోల్చి చూసుకోమనండి అంది. ప్రస్తుతానికి అతని పుస్తకంలో కుడివైపు నిండుతోంది. ఎడమవైపు కోసం వారానికి రెండు రోజులు మా ఫ్లో రూమ్‌లో కూర్చుంటున్నాడు.